అవ్వ చీర సరే, తాళాలగుత్తి మాటేంది?

కావలి నుంచి ఒక అమ్మాయి పదకొండు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది, ఆనవాళ్లు మార్చమంది. మార్చాను. ముందుగా ఆమె చెప్పింది క్లుప్తంగా.

వయసు 32. పుట్టిల్లు కందుకూరు పక్కన పల్లె. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ పని. 8 ఏళ్ల 4 నెలల సర్వీసు, నెలకు 31 వేలు. పొద్దున ఏడుంబావుకి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి ఏడుముప్పావుకి. "బస్సులో ఆడవాళ్లకి టికెట్ తీసేశారు, దాంతోపాటే సీటూ పోయింది" అని నవ్వుతూనే రాసింది. భర్తకు ఇంకొకరితో కలిసి పురుగుమందుల షాపు. ఆరేళ్ల పాప. మామగారి స్థలంలో కట్టుకున్న ఇల్లు, మొగుడూపెళ్లాలిద్దరి పేరా లోను, నెలకు 18 వేలు వాయిదా.

రెండేళ్ల కిందట ఆమె నాయన తల్లి, అంటే అవ్వ, పోయింది. అవ్వ పెట్టెలోంచి ఒక పాత వెంకటగిరి చీర తెచ్చుకుంది. శ్రావణ శుక్రవారం నాడు కట్టుకుంది. అప్పట్నించి ప్రతి శుక్రవారం నాలుగున్నరకే లేచి, కళ్లాపి చల్లి, చుక్కల ముగ్గేసి, దీపం పెట్టి, రోట్లో పచ్చడి నూరి, అప్పుడు బస్సుకి పరిగెత్తుతోంది. "వారం మొత్తంలో ఆ రెండు గంటలే నావి అనిపిస్తాయి" అంది.

ఆ తర్వాత ఫోన్‌లో ఒక 'గురుమాత' తగిలింది. 9,999 రూపాయల ఆన్‌లైన్ క్లాసు. ఆడది సంపాదనలో పడితే ఆడతనం ఎండిపోతుందట. మొగుడికి ఎదురు చెప్పకూడదట. డబ్బు లెక్కలు అతనికి ఒప్పగించి నిశ్చింతగా ఉండాలట. ఈ అమ్మాయికి అది మనసుకి పట్టింది. వచ్చే ఉగాదికల్లా ఉద్యోగం మానేసి, అవ్వలాగా చీరకట్టుతో ఇల్లు చూసుకోవాలనుకుంటోంది.

ఇంట్లో తలా ఒక మాట. భర్తకు సంతోషం. "ఇక ఇల్లు ఇల్లులాగా ఉంటుంది" అన్నాడు, ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకుంటానన్నాడు. అత్తగారికి ముగ్గు ముచ్చటే, కానీ వాయిదా ఎవరు కడతారని ఆమె గోల. ఆఫీసులో 'సీరియల్ అత్తగారు' అని పేరు పెట్టారు. పుట్టింట్లో అమ్మయితే మూడు వారాలుగా మాట్లాడటం లేదు. ఆ అమ్మ పొగాకు కాల్చే కొట్టాల దగ్గర, అదే బ్యారన్ల దగ్గర, కర్రలకు పచ్చాకు కట్టి, గ్రేడింగ్ పనికి పోయి కూతుర్ని ఎంకామ్ దాకా చదివించింది. పచ్చాకు జిగట చేతికి పడితే ఎంత తోమినా చేదు పోదు. అందుకని చిన్నప్పుడు ఈమెకు ఎప్పుడూ చెంచాతోనే అన్నం పెట్టేదట. "నీకు చెంచాతో పెట్టింది ఇందుకేనా మే?" అని ఫోన్ పెట్టేసింది.

"నేను వెనక్కి పోతున్నానా? పాతకాలపు ఆడదానిలా బతకాలనుకోవడం తప్పా?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

తప్పు కాదు. చీర కట్టుకున్నందుకు ఇప్పుడు మిమ్మల్ని చూసి నవ్వేవాళ్లూ, మా రోజుల్లో పంజాబీ డ్రస్సు వేసుకుంటే మమ్మల్ని చూసి నవ్వినవాళ్లూ ఒక్క బాపతే. ముగ్గు, గాజులు, నోములు, నలుగురికి వండిపెట్టే చెయ్యి మీకిష్టమైతే అవి మీవి. ఇంకొకరి అనుమతి దేనికి? (నాకైతే పదిహేను చుక్కల ముగ్గు ఇప్పటికీ పదమూడు దగ్గర వంకర పోతుంది. మీ ముగ్గు ఫొటో చూసి కొంచెం కుళ్లుకున్నాను కూడా.)

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముగ్గు గురించి పేజీన్నర రాశారు. బస్సు మీద రెండు పేజీలు. ఉద్యోగమంటే విసుగు పుట్టిందని ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, దొరకలేదు. పైపెచ్చు ఆరో పేజీలో, మార్చి నెలాఖరున పదకొండు రూపాయల తేడా ఏ ఓచర్లో దాక్కుందో మేనేజర్ కంటే ముందు పట్టుకున్న సంగతి ఎంత ముచ్చటగా రాసుకున్నారో! లెక్కలంటే చేదెక్కిన మనిషి అలా రాయదు. మీకు చేదెక్కింది యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి. పోను అంత, రాను అంత, అదీ నిలబడి.

చీర మీద మమకారం ఒక సంగతి. ఒంటి అలసట ఇంకో సంగతి. ఈ రెంటినీ కలిపి రాజీనామా కాగితానికి ముడేసింది మాత్రం ఆ 9,999 తీసుకున్నావిడ. మీరు రెండేళ్లుగా ఉద్యోగం చేస్తూనే ముగ్గేస్తున్నారు కదా, రెంటికీ పొత్తు కుదరదని మీ అనుభవంలో ఎప్పుడైనా తేలిందా? సంపాదన వల్ల ఆడతనం ఎండిపోతుందని చెప్పే ఆవిడ తన సంపాదన సంగతి క్లాసులో ఎత్తదు. మీలాంటి వాళ్లు నూరు మంది చేరితే ఎంతవుతుందో అకౌంటెంటు మీరే వేసుకోండి.

ఇప్పుడు అవ్వ సంగతికొద్దాం. మీరే రాశారు: మూడు గేదెలు, పెరట్లో పాలదాలి, నడుముకి తాళాలగుత్తి. మనిషి కనబడక ముందే గుత్తి గలగల వినబడేదని, అది వినబడితే బెల్లంముక్క కోసం పరిగెత్తేవాళ్లమని. పాలడబ్బులు ఆమె చేతికే వచ్చేవి. తాతకి చుట్టలు కావాలంటే వంటింటి గడప దగ్గర నిలబడి "ఏమే, ఒక రూపాయుందా" అని అడిగేవాడు. ఏ చేను ఎవరికి కౌలుకివ్వాలో పెద్దాయన పంచాయితీలో చెప్పేవాడు గానీ, ఆ మాట రాత్రి అవ్వ నోట్లోంచి వచ్చిందేనని ఊరందరికీ తెలుసు.

ఆ మనిషి లెక్కలు మొగుడికి ఒప్పగించి నిశ్చింతగా కూర్చుందా అమ్మా? ఫోన్‌లో వచ్చే రీళ్లలో చీర చూపిస్తారు, కవ్వం చూపిస్తారు, దాలి మీద ఎర్రగా మీగడ కట్టిన పాలు చూపిస్తారు. గుత్తి మాత్రం చూపించరు. ఉగాదికి మీరు తలపెట్టిన బతుకులో అవ్వ చీర ఉంది, అవ్వ వంట ఉంది. గుత్తి మాత్రం మీ ఆయన జేబులో ఉంది, ఏటీఎం కార్డు రూపంలో. అది అవ్వ బతుకు కాదు. అవ్వ అయితే ఒక్క రోజు కూడా ఒప్పుకునేది కాదు.

పాతకాలమే ప్రమాణమంటారా, ఇంకా పాతకాలానికి పోదాం. భారతం అరణ్యపర్వంలో సత్యభామ ద్రౌపదిని అడుగుతుంది: అయిదుగురు మొగుళ్లు నీ మాట జవదాటరే, ఏం మంత్రం వేశావు, ఏ మందు పెట్టావు, ఏ నోము నోచావు అని. అచ్చం 9,999 రూపాయల క్లాసులో అడగాల్సిన ప్రశ్న. అద్దంకి రెడ్డిరాజు కొలువులో ఉన్న ఎఱ్ఱన తెలుగు చేసిన భాగమది. ద్రౌపది ఆ మాటకి మండిపడుతుంది. మందులూ మాకులూ పెట్టే ఆడదంటే మగవాడికి ప్రేమ కాదు, భయం పుడుతుందంటుంది. ఆ తర్వాత తాను చేసే పనులు చెబుతుంది. అందులో వంటా, పెద్దల సేవా ఉన్నాయి, నిజమే. సంస్కృత మూలంలో ఇంకో సంగతి కూడా ఉంది. పాండవుల రాబడీ పోబడీ, బొక్కసంలో ఎంతుందీ తనకొక్కదానికే తెలుసంటుంది. పతివ్రతల పట్టీలో ఆమె పేరు చదివేవాళ్లు ఈ పద్దు దగ్గరికి రాగానే పేజీ తిప్పేస్తారు.

ఎదురు చెప్పకపోవడమే ఆడతనమనే మాటకైతే మన జిల్లాలోనే జవాబుంది. దూబగుంట మీకు ఎంత దూరమని? 1992లో అక్కడ సారా దుకాణం మీదికి పోయింది జీన్సు వేసుకున్న పట్నం ఆడవాళ్లు కాదు. నెత్తిన కొంగు, చేతిలో చీపురు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న పల్లె ఆడవాళ్లు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగిందంటే మొదలు అక్కడే. వాళ్లకి ఆడతనం తక్కువైందని నేనైతే అనలేను.

మీ అమ్మ సంగతి. నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే.

తొమ్మిదో పేజీ అంచున ఒక్క వాక్యం రాసి వదిలేశారు: చీర చూసి అమ్మ "అది నా కంటబడనీకు" అందని. మీరు దాన్ని ఉద్యోగం గొడవలో కలిపేశారు. నాకట్లా అనిపించలేదు. ఆ అవ్వ మీ అమ్మకు అత్తగారు. మీకు గుత్తి చప్పుడంటే బెల్లంముక్క. ఆమెకో? ఏ పూటకా పూట బియ్యం కొలిచిచ్చిన చప్పుడేమో. మీ నాయన వేరుపడి వచ్చినప్పుడు రెండు గిన్నెలూ ఒక చాపా ఇచ్చి పంపారని మీరే రాశారు. గేదెలూ గుత్తీ ఉన్న ఇంట్లోంచి వచ్చిన కోడలు మర్నాటి నుంచి బ్యారన్ దగ్గర పచ్చాకు కట్టింది. పాత పద్ధతిలో గుత్తి ఉన్న ఆడదీ ఉంది, ఆ గుత్తి కింద నలిగిన ఆడదీ ఉంది. ఒకే కప్పు కింద. మీరు మొదటామె చీర తెచ్చుకున్నారు, రెండో ఆమె కడుపున పుట్టారు.

నా ఊహ తప్పయినా కావచ్చు. కానీ మీ అమ్మ కోపమంతా ముప్పై ఒక్క వేల కోసమేనని మాత్రం అనుకోకండి. ఇంటిపట్టున ఉండి, నిదానంగా ముగ్గేసుకుని, బిడ్డకి తన చేత్తో ముద్ద కలిపి పెట్టే భాగ్యం ఆమెకు దక్కలేదు. మీరు దాన్ని కోరుకుంటున్నారంటే ఒకపక్క ఆశ, ఒకపక్క భయం. ఏ రోజైనా ఆ ఇంటి తాళం ఇంకొకరి చేతికి పోతే కూతురికి కూడా పచ్చాకేనా అని.

మీ ఆయన్ని నేను విలన్ని చేయను. అలసిపోయిన పెళ్లాం ఇంట్లో ఉంటానంటే సంబరపడటంలో దుర్మార్గమేమీ లేదు. అయితే మీరు శుక్రవారం చీర కట్టడం మొదలుపెట్టాక ఆయన తిన్న కంచం తీయడం మానేశాడని రాశారు. "నువ్వే అన్నావుగా, అదంతా నీ సంతోషమని" అన్నాడట. అంతకుముందు గిన్నెలు తోమిన మనిషే కదా! ఇది మొగ్గలోనే చెప్పాల్సిన మాట. ముగ్గు మీ సంతోషం, ఎంగిలి కంచం ఎవరి సంతోషమూ కాదు. నవ్వుతూ చెప్పండి, కానీ చెప్పండి. కార్డు విషయంలో ఆయన ఉద్దేశం మంచిదో చెడ్డదో నేను ఇక్కణ్ణించి చెప్పలేను. "కార్డు నా దగ్గరే ఉంటుంది, లెక్క నెలకోసారి ఇద్దరం కలిసి చూద్దాం" అని చూడండి. ఆయన మొహంలో కనబడేది నా పేజీన్నర కంటే మీకు ఎక్కువ చెబుతుంది.

ఇక ఏం చేయొచ్చు? ఉగాదికి మానేయడమే మీ నిర్ణయమైతే, దాని ఖరీదు ముందే తెలుసుకోండి. లోను ఇద్దరి పేరా ఉంది. జీతం ఆగినా బ్యాంకు లెక్కలో మీ బాధ్యత ఆగదు. స్థలమేమో మామగారిది. అంటే అప్పులో మీరున్నారు, ఆస్తిలో లేరు. మానేసే ముందే ఈ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి, మానేశాక ఆ మాటకి బరువుండదు. పీఎఫ్‌లోని పింఛను పథకానికి పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 దాటాక నెలనెలా పింఛను హక్కు వస్తుంది. మీకింకా ఏడాదిన్నర పైగా తక్కువ. అయినా మానేస్తే ఆ పింఛను సొమ్ము తీసేసుకోకండి. ఫారం 10సీ పెట్టి స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు మళ్లీ ఎక్కడ చేరినా పాత సర్వీసు కలుస్తుంది. ఇంటి ఖర్చుకి నెలనెలా ఇంత అని మీ ఖాతాలో పడాలి, అడిగితే ఇచ్చేది కాదు. షాపు పద్దులు మీరు రాయండి, దానికి జీతం రాసుకోండి. ఇవన్నీ కుదిరితే మానేయండి. పాపకి మీరు దొరుకుతారు, మీకు నిద్ర దొరుకుతుంది. అదీ చిన్న సంగతి కాదు.

రెండోది, నా మనసు కాస్త ఇటే మొగ్గుతోంది, దాచను. బస్సు మానేయండి, లెక్కలు మానొద్దు. కావలిలో జీఎస్టీ రిటర్న్‌లు వేసేవాళ్ల కోసం బట్టల షాపులూ, మెడికల్ షాపులూ, ఎరువుల కొట్లూ నెలనెలా తిరుగుతూనే ఉంటాయి. ఎంకామ్ చదివి, ఎనిమిదేళ్లు కంపెనీ పద్దులు చూసిన మనిషికి పది కొట్లు దొరకడం గగనం కాదు. మొదటి ఏడాది ఇప్పుడొచ్చే దాంట్లో సగం కూడా రాకపోవచ్చు. పీఎఫ్ ఉండదు. రిటర్న్‌ల గడువులైన 11వ తేదీ, 20వ తేదీ దగ్గరికొస్తే ముగ్గు మర్చిపోయేంత హడావిడి. డబ్బులు ఎగ్గొట్టే కొట్టువాళ్లు ఉంటారు, అందులో మీ చుట్టాలే ఇద్దరు. తక్కిన రోజుల్లో మాత్రం పాపని బళ్లో దింపి, తులసికోటకి నీళ్లు పోసి, చీరకట్టుతోనే లాప్‌టాప్ ముందు కూర్చోవచ్చు.

ఎటూ తేలకపోతే మూడు నెలలు పరీక్ష పెట్టుకోండి. ఉద్యోగం చేస్తూనే, మీ జీతంలో ఒక్క రూపాయి ముట్టుకోకుండా వేరే ఖాతాలో పెట్టండి. ఇల్లు, వాయిదా, పాప ఫీజు అన్నీ షాపు రాబడి మీదే నడవాలి. పొలం పనులు లేక షాపు బోసిపోయే నెలలు అందులో ఉండేట్టు చూసుకోండి. అప్పుడే అసలు రంగు బయటపడుతుంది. మూడు నెలలూ గట్టెక్కితే మానేయడానికి ధైర్యం, చేతిలో తొంభై మూడు వేలు. రెండో నెలకే మీ ఆయన "కొంచెం అందులోంచి తియ్" అంటే అదీ ఒక జవాబే.

ఏమీ మార్చకుండా ఇప్పుడున్నట్టే ఉండటం కూడా ఒక దారే. కాకపోతే నాలుగున్నరకి లేచి రాత్రి పదకొండింటికి పడుకునే శుక్రవారాలు ఒంటికి ఎన్నాళ్లు పడతాయి? ఆ పక్షంలో వంటలో, పాప హోమ్‌వర్క్‌లో మీ ఆయన వాటా పెరగాల్సిందే.

బంగారం. పదో పేజీలో, కుండలీకరణాల్లో, ఎవరికీ వినబడకూడదన్నట్టు రాశారు: పెళ్లికి అమ్మ పెట్టిన పద్దెనిమిది సవర్లు నిరుడు షాపు కోసం తాకట్టులో పెట్టారని, రసీదు మీ ఆయన పేరుతో ఉందని. పచ్చాకు కట్టిన చేతుల సొమ్మది. ఆడపిల్లకి పుట్టింటివాళ్లు పెట్టింది స్త్రీధనం, పూర్తిగా ఆమెదే, మొగుడూ అత్తమామలూ దాచిపెట్టే వాళ్లే తప్ప వాటాదార్లు కారని సుప్రీంకోర్టు 1985లోనే, ప్రతిభారాణి కేసులో చెప్పింది. కోర్టుకి పొమ్మనడం లేదు. రసీదు ఒకసారి చూపించమనండి, గడువు తేదీ మీ పుస్తకంలో రాసుకోండి, విడిపించే దాకా వాయిదాల్లాగే దానికీ నెలనెలా ఇంత పక్కన పెట్టించండి. ఉగాది, రాజీనామా అన్నీ దీని తర్వాత. సంప్రదాయం గురించి ఇంత మాట్లాడే ఆ గురుమాత స్త్రీధనం అన్న మాట ఒక్కసారైనా ఎత్తిందా? అంతకంటే సంప్రదాయమైన మాట ఇంకోటి లేదు.

ఒక ఆదివారం కందుకూరు బస్సెక్కండి. ముందు చెప్పా పెట్టకుండా వెళ్తేనే మంచిది, ఫోన్ చేస్తే రావద్దంటుంది. ఉద్యోగం ఊసెత్తకండి. చీర కట్టుకుపోకండి. అన్నాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు, అవ్వ గుత్తిలో ఏ తాళంచెవి దేనిదని అడగండి. వడ్ల కొట్టుది, పాలగూటిది, ఇనప్పెట్టెది. మీకు చప్పుడే తెలుసు. ఆమెకు ఒక్కొక్కటీ గుర్తుంటుంది. చెప్పనీయండి, మధ్యలో అవ్వను వెనకేసుకు రాకండి. ఆమె ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి, ఈసారి పదకొండు పేజీలు దాటినా పర్లేదు.